ధర్మనిర్ణయంలో యుక్తి చేసే పని

సభాధ్యక్షులకు, పెద్దలకు, మిత్రులకు నమస్కారం.

ఒక పని ధర్మమా అధర్మమా అని తేల్చుకోవలసి వచ్చినప్పుడు మనలో కొందరు శాస్త్రంలో ఏముందని, పెద్దలు ఏం చేశారని చూస్తారు. మరికొందరు ఆ వెతుకులాట ఎందుకు, మనస్సాక్షిని అడిగితే చాలునంటారు. ఈ ఇద్దరికీ యుక్తి మీద, అంటే కారణం అడిగి, పోల్చి చూసి, నిలవనిదాన్ని తోసిపుచ్చే బుద్ధిశక్తి మీద, కొంచెం అనుమానం ఉంటుంది. మొదటివారికి అది పొగరుగా కనిపిస్తుంది, రెండోవారికి అది ఎండిపోయిన వ్యవహారంగా తోస్తుంది. మంచిచెడ్డలను తేల్చడంలో యుక్తికి తనదంటూ ఒక పని ఉందనీ, ఆ పనిని శాస్త్రం గానీ మనస్సాక్షి గానీ దాని బదులు చేయలేవనీ నా అభిప్రాయం. దాన్ని గాలిలో వాదించకుండా, మన తెలుగునేల మీదే నలిగిన ఒక ప్రశ్నను తీసుకుని చూపడానికి ప్రయత్నిస్తాను. భర్త చనిపోయిన స్త్రీ మళ్ళీ పెళ్ళి చేసుకోవచ్చునా అన్నదే ఆ ప్రశ్న. ఇవాళ మనకు దాని జవాబు తేలికగా కనిపిస్తుంది కాబట్టి, ఆ జవాబు ఏ దారిన వచ్చిందో నెమ్మదిగా పరిశీలించడానికి వీలవుతుంది.

యుక్తిని మన సంప్రదాయం దూరం పెట్టిందనే మాట పూర్తిగా నిజం కాదు. మనుస్మృతి పన్నెండో అధ్యాయంలోనే, వేదశాస్త్రాలకు విరోధం లేని తర్కంతో ధర్మోపదేశాన్ని పరిశీలించేవాడే ధర్మాన్ని ఎరుగుతాడు, మరొకడు కాదు అని ఉంది. అదే గ్రంథం రెండో అధ్యాయంలో మాత్రం, హేతుశాస్త్రాన్ని ఆశ్రయించి శ్రుతిస్మృతులను అవమానించేవాణ్ణి సజ్జనులు వెలివేయాలని ఉంది. యుక్తిని ఇంట్లోకి రానిచ్చారు గానీ గర్భగుడి దాకా రానివ్వలేదన్నమాట. బృహస్పతి స్మృతి ఇంకొంచెం ముందుకు వెళ్ళి, కేవలం శాస్త్రాన్ని పట్టుకుని నిర్ణయం చేయకూడదనీ, యుక్తి లేని విచారణ వల్ల ధర్మానికే హాని కలుగుతుందనీ చెప్పింది. యక్షప్రశ్నల దగ్గర ధర్మరాజు తర్కానికి నిలకడ లేదన్నాడు. అయితే ఆ శ్లోకంలోనే శ్రుతులు కూడా ఒకదానితో ఒకటి భేదిస్తాయనీ, ఏ ఒక్క ఋషి మతమూ ప్రమాణం కాదనీ అన్నాడు. మొదటి మాటను ఉదాహరించేవారు మిగిలిన మాటలను వదిలేయడం నేను చాలాసార్లు గమనించాను.

ఇప్పుడు మన ప్రశ్నకు వద్దాం. 1855లో కలకత్తాలో ఈశ్వరచంద్ర విద్యాసాగరుడు వితంతు వివాహం శాస్త్రసమ్మతమేనని గ్రంథం రాసినప్పుడు ఆయన ప్రధానంగా ఆధారపడింది పరాశరస్మృతిలోని ఒక శ్లోకం మీద. "నష్టే మృతే ప్రవ్రజితే క్లీబే చ పతితే పతౌ, పంచస్వాపత్సు నారీణాం పతిరన్యో విధీయతే." భర్త కనబడకుండా పోయినా, చనిపోయినా, సన్యసించినా, నపుంసకుడైనా, పతితుడైనా ఆ అయిదు ఆపదల్లో స్త్రీకి వేరొక పతి విధించబడుతున్నాడని దాని అర్థం. కలియుగానికి పరాశరుడి ధర్మాలే వర్తిస్తాయని ఆ స్మృతే చెప్పుకుంటుంది కాబట్టి, ఇది ఇప్పటి మాటేనని విద్యాసాగరుడి వాదం.

ఎదుటిపక్షం ఊరుకోలేదు. పరాశరస్మృతికి వ్యాఖ్యానం రాసిన మాధవాచార్యులు ఈ విధి వేరే యుగానిదని ఎప్పుడో తేల్చారని కొందరన్నారు. మరికొందరు వ్యాకరణం తీశారు. 'పతి' శబ్దానికి సప్తమిలో 'పత్యౌ' అని రావాలి గానీ 'పతౌ' అని రాదు, కాబట్టి అక్కడ ఒక అకారం లోపించిందని గ్రహించి 'అపతౌ' అని చదవాలి, అంటే ఇంకా పూర్తిగా భర్త కానివాడు, వాగ్దానం మాత్రమే జరిగినవాడు అని అర్థం చెప్పుకోవాలి అన్నారు. ఆ చదువు ప్రకారం శ్లోకం వితంతువును గురించి మాట్లాడటమే లేదు.

ఇక్కడ కాసేపు ఆగమని కోరుతున్నాను. ఏడేళ్ళకు పెళ్ళయి తొమ్మిదేళ్ళకు భర్త పోయిన పిల్ల ఒకతె ఉంది. ఆమె ఇక జీవితమంతా తల బోడి చేయించుకుని, ఒంటిపూట తిని, శుభకార్యాల వేళ ఎవరికీ ఎదురుపడకుండా వెనక గదిలో ఉండాలా, లేక ఆమెకూ ఒక సంసారం ఉండవచ్చునా అన్నది ఒక విభక్తి ప్రత్యయం మీద, కంటికి కనిపించని ఒక అకారం మీద ఆధారపడి ఉంది. రెండు పక్షాల పండితులూ గొప్పవారే, వారి తర్కమూ పదునైనదే. కాని ఆ తర్కమంతా వాక్యానికి అర్థం ఏమిటన్న ప్రశ్న చుట్టూనే తిరిగింది. ఆ పిల్లకు జరుగుతున్నది న్యాయమా అన్న ప్రశ్న దాని దారిలో ఎదురుకాలేదు. శాస్త్రాన్ని అన్వయించే తర్కం వేరు, న్యాయాన్ని వెతికే యుక్తి వేరు. మొదటిది ఎంత ఉన్నా రెండోదాని పని తీరదు. విద్యాసాగరుడు కూడా శ్లోకం దొరికింది కాబట్టి వితంతువుల మీద జాలిపడలేదు. వారి దుస్థితి చూసి కలగిపోయినవాడు కాబట్టే శ్లోకం కోసం శాస్త్రాలు తిరగేశాడు. శాస్త్రం చూపకపోతే జనం వినరని ఆయనకు తెలుసు.

1856లో వితంతు పునర్వివాహ చట్టం వచ్చింది. చట్టం వచ్చాక కూడా రాజమహేంద్రవరంలో కందుకూరి వీరేశలింగం పంతులుగారు మొదటి వితంతు వివాహం జరిపించడానికి పాతికేళ్ళు పట్టింది. ఆ పెళ్ళి 1881 డిసెంబరు 11న జరిగింది. అంతకు రెండేళ్ళ ముందు, 1879లో, ఆయన ఈ విషయం మీద బహిరంగంగా ఉపన్యసించినప్పుడు ఆయనా శాస్త్రప్రమాణాలతోనే మొదలుపెట్టాడు, పండితులూ శాస్త్రప్రమాణాలతోనే ఎదుర్కొన్నారు. కాని ఆ ఉద్యమం నిజంగా నిలబడ్డది శ్లోకాల మీద కాదని నా నమ్మకం. శ్లోకాలకు బయట సంస్కర్తలు అడిగిన కొన్ని ప్రశ్నలకు ఎదుటివారి దగ్గర జవాబు లేకపోయింది. అక్కడే యుక్తి తన పని తాను చేసింది.

మొదటిది భార్య చనిపోయిన పురుషుడి సంగతి. యాభై ఏళ్ళవాడు భార్య మాసికాలు తీరకుండానే పదేళ్ళ పిల్లను చేసుకుంటే సంఘం వచ్చి భోజనం చేసి వెళుతుంది. పదేళ్ళ పిల్లకు భర్త పోతే మాత్రం ఆమె బతుకు అక్కడితో ముగిసిపోవాలంటుంది. తోడు పోయిన మనిషికి మరొక తోడు ఉండవచ్చునన్నది న్యాయమైతే అది ఇద్దరికీ న్యాయం కావాలి, కాకపోతే తేడా ఎక్కడుందో చెప్పాలి. ఆ తేడా ఆడ, మగ అన్న భేదం మాత్రమే అయితే, ఆ భేదం ఈ విషయంలో ఎందుకు లెక్కకు రావాలో చెప్పాలి. "మొదటినుంచీ అంతే" అనడం కారణం చెప్పడం కాదు, కారణం లేదని ఒప్పుకోవడం.

రెండోది పొరుగువారి సంగతి. ఈ నిషేధం తెలుగుదేశంలో అందరికీ లేదు. చాలా కులాల్లో మారుమనువు అనాదిగా ఉంది. పొలం గట్టు అవతల ఉన్న ఇంట్లో వితంతువు మారుమనువు చేసుకుని పిల్లల్ని కని, పొలం పనులు చేసుకుంటూ బతుకుతూంటే ఆ ఊరికి వర్షాలు ఆగిపోలేదు. పునర్వివాహం జరిగితే లోకం తలకిందులవుతుందన్న భయం నిజమో కాదో తెలుసుకోవడానికి శాస్త్రం అక్కర్లేదు, పక్క వీధి చూస్తే చాలు.

మూడోది లెక్క. దీని గురించి కొంచెం ఎక్కువగా చెప్పాలి, ఎందుకంటే నైతిక విచారణలో అంకెలకు ఉన్న చోటు మనం తరచుగా మరిచిపోతాం. బాల్య వితంతువులు ఎక్కడినుంచి వస్తున్నారు? బాల్యవివాహాల నుంచి, అందులోనూ కన్యాశుల్కం పుచ్చుకుని ముసలివారికి పసిపిల్లల్ని కట్టబెట్టే పెళ్ళిళ్ళ నుంచి. ఆ అలవాటు అక్కడక్కడా ఉందిలే అని అందరూ అనుకుంటున్న కాలంలో విజయనగరం మహారాజు ఆనంద గజపతి విశాఖపట్నం జిల్లాలో మూడేళ్ళ కాలంలో బ్రాహ్మణ కుటుంబాల్లో జరిగిన కన్యాశుల్క వివాహాల జాబితా తయారు చేయించారు. 1897లో అచ్చయిన తన 'కన్యాశుల్కం' నాటకానికి గురజాడ అప్పారావుగారు ఇంగ్లీషులో రాసిన పీఠికలో ఆ లెక్క ఉంది. మొత్తం 1034 పెళ్ళిళ్ళు. అందులో 99 మంది ఆడపిల్లలకు అయిదేళ్ళు, 44 మందికి నాలుగేళ్ళు, 36 మందికి మూడేళ్ళు, ఆరుగురికి రెండేళ్ళు, ముగ్గురికి ఒక ఏడు. ఆ ఏడాది వయసు పసికందుల వెల 350 నుంచి 400 రూపాయలు.

ఈ అంకెల్లో ధర్మం అన్న మాట లేదు, జాలి అన్న మాట లేదు. అయినా వాటిని చదివినవాడు నిన్నటివలె మాట్లాడలేడు. "మన ఆచారం ఆడపిల్ల శీలాన్ని కాపాడటానికే" అన్న వాదం ఏడాది పసిపాపకు ఎలా వర్తిస్తుందో ఎవరైనా చెప్పగలరా? తప్పుడు నైతిక నిర్ణయాల్లో చాలా భాగం దుర్మార్గం వల్ల కాక, ఉన్నది ఉన్నట్టు చూడకపోవడం వల్ల పుడతాయి. ఉన్నదాన్ని చూపించడం, ఎవరికి ఎంత కష్టం ఎందుకు కలుగుతోందో వివరంగా లెక్కగట్టడం యుక్తి చేసే పనే.

ఇంతవరకూ వచ్చాక ఒక గట్టి ఆక్షేపణను ఎదుర్కోక తప్పదు. పద్దెనిమిదో శతాబ్దంలో స్కాట్లండుకు చెందిన డేవిడ్ హ్యూమ్ ఈ ఆక్షేపణను అందరికంటే సూటిగా చెప్పాడు. యుక్తి రాగాలకు దాసి, దాసిగానే ఉండాలి అన్నాడు. నా వేలికి గీరుకుపోవడం కంటే లోకమంతా నాశనమవడమే మేలని ఎవడైనా కోరుకుంటే అందులో తర్కవిరుద్ధం ఏమీ లేదన్నాడు. యుక్తి మనకు ఉన్న సంగతులను చూపిస్తుంది, దారులు చూపిస్తుంది, కాని ఏది కోరుకోవాలో అది చెప్పదు. మనిషిని కదిలించేది హృదయమే. 1034 అన్న అంకె చదివి "అయితే ఏమిటి?" అని కాగితం పక్కన పెట్టేవాడికి యుక్తి ఏం చెప్పగలదు?

హ్యూమ్ చెప్పినదాంట్లో నిజం ఉంది, దాన్ని దాచడం తగదు. 1881 నాటి పెళ్ళికి వెళితే వెలివేస్తామన్న బెదిరింపులతో వంటవాళ్ళు, నీళ్ళుమోసేవాళ్ళు పంతులుగారి ఇంటికి రావడం మానేశారు. అప్పుడు ఆయన భార్య రాజ్యలక్ష్మమ్మగారు తానే గోదావరికి వెళ్ళి నీళ్ళ బిందెలు మోసుకొచ్చి వంట చేశారు. పునర్వివాహితలైన స్త్రీలను ఇంట్లో పెట్టుకుని తల్లిలా చూశారు. కాకినాడ నుంచి పైడా రామకృష్ణయ్యగారు ధనసహాయం చేశారు. విద్యార్థులు అండగా నిలిచారు. వాదంలో నెగ్గినంత మాత్రాన ఎవరూ బిందె ఎత్తి భుజాన పెట్టుకోరు. ఆ బరువు ఎత్తించింది ప్రేమే, అందులో నాకు సందేహం లేదు.

కాని హ్యూమ్ వాదానికి ఈ కథలోనే ఒక ఎదురుప్రశ్న ఉంది. ఆ ఊళ్ళో హృదయం ఒక పక్షాన మాత్రమే ఉందా? పెళ్ళిని అడ్డుకున్నవారిలోనూ హృదయం నిండా ఉద్వేగమే ఉంది. బోడి తల ఉండవలసిన చోట పసుపుకుంకుమలు చూస్తే వారికి ఒళ్ళు జలదరించింది. వంశం మైలపడుతుందన్న భయం నటన కాదు, పితృదేవతలకు ద్రోహం జరుగుతోందన్న బాధ కపటం కాదు. ఒక పక్క జాలి, ఇంకో పక్క జుగుప్స. రెండూ మనసు లోతుల్లోంచి వచ్చినవే, రెండూ మనస్సాక్షి పేరుతో మాట్లాడేవే. మనసు చెప్పిందే ధర్మమైతే ఈ రెంటిలో ఏది ధర్మం? ఎక్కువ గట్టిగా అరిచినదా? ఎక్కువమందిలో ఉన్నదా? అలా అయితే ఆనాడు రాజమహేంద్రవరంలో ధర్మం పంతులుగారికి వ్యతిరేకంగా ఉన్నట్టే లెక్క. రెండు భావాల మధ్య తీర్పు చెప్పడానికి మూడో భావాన్ని పిలిస్తే పని జరగదు. ఈ జుగుప్సకు ఆధారం ఏమిటి, దానివల్ల ఎవరు నష్టపోతున్నారు, అదే స్థితిలో ఉన్న పురుషుణ్ణి చూసినప్పుడు అది ఎందుకు పుట్టడం లేదు అని అడిగేది ఒకటి కావాలి. అడిగితే జాలి నిలుస్తుంది, జుగుప్స నిలవదు. దాసి చేసే పని కాదిది.

ఇంకొక సంగతి. జాలికి చూపు దగ్గరిదాకానే ఆనుతుంది. తన కూతురు వితంతువైతే కన్నీరుమున్నీరయ్యే తండ్రే పక్కింటి వితంతువు ఎదురొస్తే ఇంట్లోకి తిరిగివచ్చి మంచినీళ్ళు తాగి మళ్ళీ బయలుదేరేవాడు. అతనికి హృదయం లేక కాదు. ఆ ఇద్దరు ఆడపిల్లలూ ఒకటేనన్న సంగతి అతని హృదయానికి ఎవరూ చెప్పలేదు. ఆ చెప్పడమే యుక్తి పని. తిక్కనగారి పద్యం మనందరికీ కంఠస్థమే:

"ఒరులేయవి యొనరించిన
నరవర! యప్రియము తన మనంబున కగు దా
నొరులకు నవి సేయకునికి
పరాయణము పరమధర్మ పథముల కెల్లన్."

నీతిపద్యంగా బళ్ళో వల్లెవేయడం వల్ల దీనిలోని నిర్మాణాన్ని మనం గమనించం. నాకు ఏది అప్రియమో నా మనసే చెబుతుంది, అక్కడ తర్కంతో పనిలేదు. హ్యూమ్ కోరిన అనుభూతి అక్కడ ఉంది. కాని పద్యం అక్కడ ఆగలేదు. నాకు అప్రియమైనది ఒరులకూ అప్రియమే కాబట్టి నేను దాన్ని చేయరాదు అనే మెట్టు ఎక్కమంటుంది. ఆ మెట్టు అనుభూతితో ఎక్కేది కాదు, ఎందుకంటే ఎదుటివాడి నొప్పి నాకు తెలియదు. నేనూ అతనూ ఈ విషయంలో సమానమన్న నిశ్చయంతో ఎక్కేది. జర్మనీలో ఇమాన్యుయేల్ కాంట్ 1785లో, నీవు ఏ సూత్రం ప్రకారం నడుస్తున్నావో అది అందరికీ చట్టం కావాలని నీవు కోరుకోగలవా అని చూసుకో అన్నాడు. ఇద్దరి ఆలోచనల్లో తేడాలు లేకపోలేదు. కాంట్ అనుభూతిని పునాదిలోకి రానివ్వడు, తిక్కన పద్యం దానితోనే మొదలవుతుంది. నాకు ఈ విషయంలో తిక్కనే ఎక్కువ నిజం చెప్పినట్టు తోస్తుంది. తనకు మినహాయింపు ఇచ్చుకోవద్దన్నదగ్గర మాత్రం ఇద్దరూ ఒక్కటే.

యుక్తి మీద ఉన్న మరో అనుమానం ఇంతకంటే తీవ్రమైనది. తెలివైనవాడు దేన్నైనా సమర్థించుకోగలడు కదా అన్నది. కురుసభలో వికర్ణుడు లేచి, జూదవ్యసనంలో ఉన్నవాడు చేసిన పని చెల్లదనీ, ద్రౌపది అయిదుగురికీ భార్య కాబట్టి ఒక్కడికి ఆమెను పణం పెట్టే హక్కు లేదనీ, తాను ఓడిపోయిన తరువాత పెట్టాడనీ కారణాలు చూపాడు. వెంటనే కర్ణుడూ లేచాడు, అతనూ కారణాలే చూపాడు: ధర్మజుడు సర్వస్వం ఒడ్డినప్పుడు అందులో భార్య కూడా ఉన్నట్టేననీ, అయిదుగురు భర్తలున్న స్త్రీకి గౌరవం ఏమిటనీ. రెండూ తర్కాలే. బుద్ధుడు కేసపుత్త గ్రామంలో కాలాములకు చెప్పిన ఉపదేశాన్ని హేతువాదులు తరచుగా ఉదాహరిస్తారు, కాని అందులో ఆచారాన్నీ గ్రంథాన్నీ గుడ్డిగా నమ్మవద్దన్న వరుసలోనే ఒట్టి తర్కాన్ని కూడా నమ్మవద్దని ఉందన్న సంగతి చెప్పరు. దేన్ని ఆచరిస్తే హాని కలుగుతుందో, దుఃఖం కలుగుతుందో మీకు మీరుగా తెలుసుకుని విడిచిపెట్టండి అన్నాడాయన.

కర్ణుడి తర్కంలో లోపం పట్టుకోవడానికి గొప్ప పాండిత్యం అక్కర్లేదు. ఆ వాదాన్ని అతను తనవారి మీద ప్రయోగించి చూసుకోలేదు. ఎవరి గురించి తీర్పు చెబుతున్నాడో ఆ మనిషి సభలోనే నిలబడి ప్రశ్న వేస్తూంటే దానికి బదులు చెప్పలేదు. తీర్పు ముందే అయిపోయింది, కారణాలు తరువాత వచ్చాయి. బాధితురాలి ప్రశ్నను వినని వాదం ఎంత చక్కగా అల్లినదైనా యుక్తి అనిపించుకోదు.

ఈ లోపం దుర్మార్గులకే పరిమితం కాదు, మంచివారు చేసిన మంచి పనుల్లోనూ దొర్లుతుంది. 1856 చట్టాన్నే చూడండి. పునర్వివాహం చేసుకున్న స్త్రీ మొదటి భర్త ఆస్తిమీద హక్కు కోల్పోతుందని అందులో రెండో సెక్షను చెప్పింది. నిషేధం ఉన్న కులాల స్త్రీలకు అది కొత్త స్వేచ్ఛకు కట్టిన వెల అనుకోవచ్చు. కాని మారుమనువు ముందునుంచీ ఉన్న కులాల స్త్రీలకు ఆ చట్టం కొత్తగా ఇచ్చింది ఏమీ లేదు. అలాంటి స్త్రీలకు కూడా ఆ సెక్షను వర్తిస్తుందని కొన్ని హైకోర్టులు తీర్పులిచ్చాయి, వర్తించదని అలహాబాదు హైకోర్టు చెప్పింది. చట్టం రాసినప్పుడు ఆ స్త్రీలు ఎవరి కళ్ళముందూ లేరు.

పంతులుగారి విషయంలోనూ ఇదే జరిగింది. ఆయన మీద గౌరవంతోనే ఈ మాట చెబుతున్నాను. పద్దెనిమిదో శతాబ్దంలో తంజావూరు ప్రతాపసింహుని ఆస్థానంలో ఉన్న ముద్దుపళని రాసిన 'రాధికా సాంత్వనము'ను ఆయన తన కవుల చరిత్రలో తీవ్రంగా నిందించారు. స్త్రీ అయివుండి ఇటువంటి శృంగారం రాయడమా అన్నది ఆయన అభ్యంతరం. 1910లో బెంగుళూరు నాగరత్నమ్మ ఆ కావ్యాన్ని పరిష్కరించి పూర్తిగా అచ్చు వేయిస్తూ పీఠికలో ఆయనను సూటిగా నిలదీసింది. సిగ్గుబిడియాలు స్త్రీలకేనా, పురుషులకు అక్కర్లేదా? ఇంతకంటే పచ్చిగా రాసిన పురుషుల కావ్యాలు పండితుల ఆమోదం పొందుతూంటే ఈ ఒక్క పుస్తకం ఎందుకు కూడనిదైంది?

భార్య పోయిన పురుషుడికి ఉన్నది భర్త పోయిన స్త్రీకి ఎందుకు లేదని సంస్కర్తలు సంఘాన్ని అడిగిన ప్రశ్న ఇదే. ఈసారి అడిగినది దేవదాసి కుటుంబంలో పుట్టిన స్త్రీ, జవాబు చెప్పవలసినవాడు సంస్కర్త. వేశ్యావృత్తిని తుదముట్టించాలన్న ఆయన పట్టుదల వెనక సదుద్దేశమే ఉంది. ఆ వృత్తిలోని స్త్రీలకు చదువు, సంగీతం, సాహిత్యం, సొంత ఆస్తి ఉన్నాయనీ, తమ సంగతి తాము చెప్పుకోగల నోరు ఉందనీ ఆ సదుద్దేశం లెక్కలోకి తీసుకోలేదు. ప్రభుత్వం కూడా వినలేదు, పుస్తకాన్ని నిషేధించింది. పండితులకు గానీ వీరేశలింగం పంతులుగారికి గానీ ఉన్న అధికారమేదీ నాగరత్నమ్మ చేతిలో లేదు. ఆమెకు శాస్త్రం తోడు రాలేదు, సంఘం సానుభూతి తోడు రాలేదు. ఆమె దగ్గర ఉన్నదల్లా ఒక పోలిక, దానికి కారణం చెప్పమన్న అడుగు. నూరేళ్ళు దాటినా ఆ పీఠికకు ఎవరూ సరైన జవాబు రాయలేదు, ముద్దుపళని కావ్యం మాత్రం ఇవాళ పుస్తకాల షాపుల్లో దొరుకుతోంది.